పైపు కొనకముందే ఆఫీస్‌కి పోండ్రి: చేనుల నీళ్లు, మట్టి కాపాడుకునే పనులకు సర్కారు సాయం ఎట్ల తీసుకోవాలె

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా బామ్మర్ది ఫోన్ చేసిండు. వాడు కూకట్‌పల్లిల ఉంటడు, సాఫ్ట్‌వేర్ జాబ్, వాళ్ల నాయిన పేరు మీద పరిగి దిక్కు ఐదెకరాల చెల్క ఉంది. "బావా, రెండెకరాలకి డ్రిప్పు వేయించేసిన, మామిడి మొక్కలు కూడా పెట్టిన, ఇగ సబ్సిడీకి ఎక్కడ అప్లై చేయాలో చెప్పు" అన్నడు మస్తు హుషారుగా. నాకు ఒక్క నిమిషం ఏం చెప్పాల్నో తోచలే. ఆ రెండెకరాల సబ్సిడీ అప్పటికే పోయింది, ఆ సంగతి వానికి తెల్వదు.

వాణ్ణి తిట్టడానికి నాకు మొహం లేదు, ఎందుకంటే కొన్నేళ్ల కింద నేను చేసింది కూడా గదే. సికింద్రాబాద్‌ల ఒక పైపుల దుకాణం ఆయన "తీసుకపో అన్నా, బిల్లు ఇస్త, బిల్లు చూపిస్తే సబ్సిడీ పడ్తది" అంటే నమ్మి ట్రాలీ ఆటోల పైపులన్నీ ఏసుకొని ఊరికి పోయి, ఆ బిల్లు పట్టుకొని ఆఫీస్‌కి పోతే అక్కడ సారు బిల్లు దిక్కు కూడా చూడలే, "ముందు మేం వచ్చి ఖాళీ జాగ చూడాలె కదా బాబూ" అన్నడు. ఆ బిల్లు ఇంకా మా ఇంట్ల ఫైల్ల ఉంది.

అందుకే అన్నిటికంటే ముందు ఈ ముచ్చట. డ్రిప్పు గానీ, నీటి కుంట గానీ, పండ్ల తోట గానీ, సర్కారు పైసలిచ్చేది ఇంకా మొదలుపెట్టని పనికే. వాళ్లు వచ్చి భూమి చూసి, ఫోన్ల జీపీఎస్ ఫొటో తీసుకొని, లెక్కేసి, మంజూరు కాయితం ఇచ్చినంక పని మొదలుపెట్టాలె. పని అయినంక మళ్లీ వచ్చి రెండో ఫొటో తీస్తరు. మొదటి ఫొటోల ఏం లేకుండా, రెండో ఫొటోల పని కనబడితేనే పైసలు. మొదటి ఫొటోలనే పైపులు కనబడితే ఇగ దేనికిస్తరు? ఈ ఒక్క సంగతి తెల్వక పైసలు పోగొట్టుకున్నోళ్లు నాకు తెలిసినోళ్లలోనే నలుగురైదుగురు ఉన్నరు, అందరూ సిటీల ఉండేటోళ్లే, ఊర్ల ఉండేటోళ్లకు ఎవరో ఒకరు చెప్తరు, మనకే చెప్పెటోడు ఉండడు, మనం యూట్యూబ్ చూసి డైరెక్ట్ దుకాణానికి పోతం.

ఇగ కాయితాల సంగతి. పట్టాదారు పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉందో సాయం ఆళ్లకే. సిటీల చానా ఇండ్లల్ల భూమి ఇంకా తాత పేరు మీదనో, చనిపోయిన నాయిన పేరు మీదనో ఉంటది, అన్నదమ్ములు మాట మీద పంచుకొని ఎవరి ముక్క వాళ్లు చేసుకుంటుంటరు. అది ఇంట్ల నడుస్తది, ఆఫీస్‌ల నడవదు. ముందు విరాసత్, అంటే వారసుల పేరు మీదికి భూమి మార్పించుడు, చేయించుకోవాలె. 2020ల వచ్చిన ధరణి పోయి 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది, పాస్‌బుక్కుల తప్పులుంటే ఇప్పుడు దాంట్లనే సరిచేయించుకోవాలె, మండలం తహసీల్దార్ ఆఫీస్ దగ్గరనే మొదలైతది ఆ పని. ఇది రోజుల్ల అయ్యే పని కాదు, కాబట్టి వచ్చే ఏడు డ్రిప్పు వేద్దాం అనుకుంటే ఈ ఏడే పాస్‌బుక్ చూసుకోండ్రి.

ఇంకోటి, శంకర్‌పల్లి, షాద్‌నగర్, సదాశివపేట రోడ్లల్ల ఫామ్ ప్లాట్లు అని గజాల లెక్క అమ్ముతున్నరు కదా, శ్రీగంధం చెట్లు పెట్టిస్తం, సర్కారు సబ్సిడీ కూడా వస్తదని బ్రోచర్ల రాస్తున్నరు. కొనేముందు ఒక్కటే అడగండ్రి, నా పేరు మీద వ్యవసాయ భూమి పాస్‌బుక్ వస్తదా రాదా అని. నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగ మార్చుడు) అయిపోయిన భూమి సర్కారు లెక్కల చేను కాదు, దానికి డ్రిప్పూ రాదు ఏదీ రాదు. రైతు భరోసా పడుతున్నది కదా ఇవన్నీ కూడా వాటంతట అవే వస్తయి అనుకునేటోళ్లు కూడా ఉన్నరు. రైతు భరోసా పంట పెట్టుబడికి ఇచ్చేది, ఎకరానికి ఏడాదికి 12 వేలు, దాని దారి వేరు. ఇక్కడ నేను చెప్పేవన్నీ అడిగితేనే వచ్చేవి.

పాస్‌బుక్, ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్, కుల సర్టిఫికెట్, రెండు ఫొటోలు. ఇవి మూడు మూడు జిరాక్స్ సెట్లు తీసి ఒక కవర్ల పెట్టుకోండ్రి. ఆధార్ల పేరు, పాస్‌బుక్కుల పేరు, బ్యాంకుల పేరు ఒకే తీరు ఉందా చూసుకోండ్రి, మా నాయినది ఒకదాంట్ల ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్ల వెనక ఉండె, దానికే రెండు సార్లు తిరిగినం. రెండున్నర ఎకరాల లోపు ఉంటే సన్నకారు, ఐదెకరాల దాకా చిన్నకారు రైతు అంటరు, ఆ లెక్క మీదనే సబ్సిడీ శాతం మారుతది.

కాయితాలు తయారైనయి కదా అని వెంటనే స్కీముల లిస్ట్ వెతకకుండ్రి. మొదలు వానలో ఒకసారి చేనుకు పోండ్రి. నిజంగనే చెప్తున్న, గొడుగు పట్టుకొని, వాన పడుతుండంగ పోయి నిలబడి చూడండ్రి, నీళ్లు ఏ మూల నుంచి వస్తున్నయి, ఎటు పోతున్నయి, ఏ గెట్టు తెగుతున్నది, పోయే నీళ్లు ఎర్రగా మట్టి కొట్టుకొని పోతున్నయా తేటగా పోతున్నయా. ఆ ఒక్క గంటల మీకు తెలిసేది ఏ ఆఫీసర్ వచ్చి చూసినా తెల్వదు. మా చెల్కల పైన బండ ఉంది, దాని మీద పడ్డ వాన అంతా ఒకే దారిన దిగి కింది పక్కాయన చేను తెంపుకొని పోతుండె, ఏటా ఆయనతోటి లొల్లి, ఆ దారి మీద కుంట తవ్వినంక లొల్లి బందైంది.

లెక్క కూడా ఒకటి చెప్త. ఒక ఎకరం మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే అది లక్ష లీటర్లు. మన హైదరాబాద్ చుట్టుపక్కల ఏడాదికి దగ్గర దగ్గర 800 మిల్లీమీటర్లు పడుతది, అంటే ఎకరానికి 32 లక్షల లీటర్లు. మనం ఆ నీళ్లన్నీ వాగుల పోనిచ్చి, 600 ఫీట్లు బోరేసి, నీళ్లు పడకపోతే ఇంకోటి ఏస్తం. బోరు ముచ్చట వచ్చింది కాబట్టి చెప్తున్న, నీళ్లు, భూమి, చెట్ల కోసం పెట్టిన 2002 వాల్టా చట్టం ప్రకారం బోరుకు కూడా ముందు పర్మిషన్ కావాలె.

మట్టి పరీక్ష కూడా అప్పుడే చేయించుకోండ్రి, 2015 నుంచి సాయిల్ హెల్త్ కార్డు కింద ఉత్తగనే చేస్తరు, నత్రజని, భాస్వరం, జింకు, సేంద్రియ కర్బనం అంతా కలిపి 12 రకాలు చూస్తరు. శాంపిల్ తీసుడు తెల్వకుంటే రిపోర్ట్ పనికిరాదు. చేనుల వంకర టింకరగ నడుస్తా పది పన్నెండు చోట్ల పైన చెత్త తీసేసి ఇంగ్లీషు వీ అక్షరం లెక్క ఆరు ఇంచుల లోతు తవ్వి, పక్క నుంచి పలుచగ మట్టి గీకి బకెట్ల ఏయాలె. గెట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్పల దగ్గర తియ్యొద్దు. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేసి, మళ్లీ కలిపి మళ్లీ పారేసుకుంట అరకిలో మిగిలేదాక చేసి, నీడల ఆరబెట్టి, గుడ్డ సంచిల కట్టి పేరు, సర్వే నంబర్ రాసి ఇవ్వాలె. ఎవరికి ఇవ్వాలె అంటే మీ క్లస్టర్ ఏఈఓకి, అంటే వ్యవసాయ విస్తరణ అధికారికి. దాదాపు ఐదు వేల ఎకరాలకు ఒక క్లస్టర్, దానికొక రైతు వేదిక, రాష్ట్రంల 2,601 ఉన్నయి. మీ ఊరిది ఎక్కడుందో తెల్వకుంటే ఊర్ల ఎవరినడిగినా చెప్తరు. ఆ ఏఈఓ సారు నంబర్, మండలం ఉద్యాన అధికారి నంబర్, ఈ రెండూ ఫోన్ల సేవ్ చేసుకోండ్రి, మిగతా కథ అంతా ఈ ఇద్దరి చుట్టే.

ఇప్పుడు కుంటలు, గెట్లు, కందకాలు. వీటికి మొదటి దారి ఉపాధి హామీ పని. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు, పేదరికం రేఖ కింద ఉన్నోళ్లు, ఇంటి పెద్ద ఆడమనిషి అయిన కుటుంబాలు, దివ్యాంగులు, వీళ్ల తర్వాత సన్న చిన్నకారు రైతులు, వీళ్ల సొంత భూముల్ల ఈ పనులు చేయొచ్చు. నీటి కుంట, గట్లు ఏసుడు, రాతి కట్టలు, పండ్ల మొక్కలు, కంపోస్టు తొట్టి, ఇంకుడు గుంత ఇవన్నీ వస్తయి. కానీ ఆ కుటుంబానికి జాబ్ కార్డు ఉండాలె, ఇంట్ల ఒక్కరన్నా ఆ పనిల కూలికి దిగాలె. మనం గచ్చిబౌలిల కూర్చొని నా చేనుల కుంట తవ్వండి అంటే కాదు. ఊర్ల అమ్మానాయిన ఉంటే, వాళ్ల పేరు మీద జాబ్ కార్డు ఉంటే అడగొచ్చు.

అడిగే తీరు ఏందంటే, ఊర్ల గ్రామసభ పెట్టి వచ్చే ఏడాదికి ఏమేం పనులు చేయాల్నో లిస్ట్ రాస్తరు, ఆ లిస్ట్‌ల మీ సర్వే నంబర్ ఎక్కాలె. అది ఎక్కకుంటే నడిమిట్ల ఎంత తిరిగినా కష్టమే. గ్రామసభ ఎప్పుడో పంచాయతీ సెక్రటరీని గానీ ఫీల్డ్ అసిస్టెంట్‌ని గానీ అడిగి ఆ రోజుకు లీవ్ పెట్టి పోండ్రి, దండం పెట్టి రిజిస్టర్ల పేరు రాయించుకొని ఫొటో తీసుకోండ్రి. తర్వాత టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి కొలిచి ఎస్టిమేట్ వేస్తడు. పైసలు మీ చేతికి రావు, కూలోళ్ల ఖాతాల్ల పడ్తయి, మీకు వచ్చేది కుంట. జేసీబీ పెట్టి రెండు రోజుల్ల లాగేద్దాం, పేరుకు మస్టర్ (కూలోళ్ల హాజరు) రాసుకుందాం అని ఎవరన్నా అంటే ఒప్పుకోకుండ్రి, ఆ స్కీముల కాంట్రాక్టర్లు ఉండొద్దు, కూలోళ్లు చేసే పనికి మిషన్లు పెట్టొద్దు, రేపు సోషల్ ఆడిట్‌ల, అంటే ఊర్లనే పని లెక్కలు తనిఖీ చేసేటప్పుడు, దొరికితే రికవరీ మీ మీదికి కూడా రావొచ్చు. ఈ పథకం రూల్స్ మారుతుంటయి కాబట్టి ఈ ఏడాది ఏం నడుస్తున్నదో ఊర్లనే అడిగి ముందుకు పోండ్రి.

కుంట ఎంత ఉండాలె? పైన 20 మీటర్ల పొడుగు 20 వెడల్పు, 3 మీటర్ల లోతు, పక్కలు ఏటవాలుగ దించుకుంట పోతే అడుగున 14కి 14 వస్తది. దాంట్ల 8 లక్షల 70 వేల లీటర్ల దాక పడ్తయి. జాగ నాలుగు గుంటలు పోతది, చుట్టు కట్టకు ఇంకొంచెం. నాలుగు గుంటలు పోతది అని మా నాయిన వారం రోజులు అన్నం సరిగ తినలే, భూమి అంటే ఆయనకు అట్ల. రేగడి మట్టిల నీళ్లు నిలుస్తయి, ఎర్ర చెల్కల ఇంకిపోతయి. ఇంకిపోతే నష్టం ఏం లేదు, పక్క బోరుకు ఊట పెరుగుతది, కానీ మీకు నిల్వ నీళ్లే కావాలంటే ప్లాస్టిక్ షీట్ ఏయాలె, దానికి ఉద్యాన మిషన్ కింద సగం ఖర్చు ఇచ్చే వీలుంది, అది ఉద్యాన అధికారిని అడగాలె. నీళ్లు వచ్చే మూలకు ఒక చిన్న గుంత తవ్వితే మట్టి అందుల ఆగిపోతది, లేకుంటే మూడేండ్లల్ల కుంట సగం పూడుకపోతది. పొంగిపోయే నీళ్లకు రాళ్లతో దారి కట్టాలె. చుట్టు కంచె మాత్రం మర్వకుండ్రి, మీరు సిటీల ఉంటరు, అక్కడ మేకల పిల్లలు, మనుషుల పిల్లలు తిరుగుతరు, షీట్ వేసిన కుంటల పడితే జారుతది, పైకి ఎక్కరాదు. ఒక మందం తాడు కట్టకు కట్టి లోపలికి వేలాడదీసి పెట్టుడు మంచిది.

కుంట తవ్వుడు ఎండాకాలంల అయిపోవాలె, మిరుగు లోపల. మృగశిర కార్తె జూన్ 8 అటు ఇటుగ వస్తది, అప్పటికి కట్ట మట్టి గట్టిపడి ఉంటేనే మొదటి వానకు ఆగుతది.

డ్రిప్పు సంగతి కొంచెం ఎక్కువ చెప్త, ఎందుకంటే సిటీ నుంచి పోయి చేసుకునేటోళ్లల్ల పదిల తొమ్మిది మంది అడిగేది గదే. కేంద్రం స్కీమ్ పేరు ప్రతి చుక్కకు మరింత పంట, 2015ల పీఎం కృషి సించాయి యోజనల వచ్చింది, ఇప్పుడు రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద నడుస్తది. కేంద్రం లెక్క ప్రకారం చిన్న సన్నకారు రైతులకు 55 శాతం, మిగతావాళ్లకు 45 శాతం, కానీ తెలంగాణల రాష్ట్రం పైన కలిపి ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం, బీసీలకు, చిన్న సన్నకారు రైతులకు 90 శాతం, మిగతావాళ్లకు 80 శాతం ఇచ్చే పద్ధతి పెట్టింది. ఒక రైతుకు 5 హెక్టార్ల దాక, అంటే పన్నెండు ఎకరాల పైచిలుకు. ఒకసారి తీసుకున్న భూమికి మళ్లీ ఏడేండ్ల దాక రాదు.

90 శాతం అంటే దుకాణం బిల్లుల 90 శాతం అనుకోకుండ్రి, చానా మంది ఇక్కడ్నే దెబ్బతింటరు. సర్కారు ఒక యూనిట్ ధర పెడ్తది, మొక్కకు మొక్కకు ఎంత దూరం, ఎంత భూమి అనేదాన్ని బట్టి. ఆ ధర మీద 90 శాతం. మామిడికి దూరం ఎక్కువ కాబట్టి పైపు తక్కువ, ఖర్చు తక్కువ, కూరగాయలకు దగ్గర దగ్గర లైన్లు కాబట్టి ఖర్చు ఎక్కువ. జీఎస్టీ సంగతి వేరుగ అడగండ్రి, 2025 సెప్టెంబర్ల డ్రిప్పు, స్ప్రింక్లర్ల మీద 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ఇంకా పాత 12 లెక్క చెప్పెటోళ్లు ఉంటే ఊరుకోకుండ్రి.

దారి ఎట్ల ఉంటదంటే: నీళ్ల ఆధారం, కరెంట్ కనెక్షన్ ఉన్న మోటరు ముందే ఉండాలె, బోరు లేకుండా డ్రిప్పు రాదు. మీసేవల గానీ ఉద్యాన అధికారి దగ్గర గానీ దరఖాస్తు పెట్టి నంబర్ తీసుకోండ్రి. సర్కారు లిస్ట్‌ల ఉన్న కంపెనీల నుంచి ఒకటి మీరే ఎంచుకోవాలె. ఇక్కడ కంపెనీ పేరు కంటే ఆ మండలంల వాళ్ల మెకానిక్ ఉన్నడా లేడా చూసుకోండ్రి, ఊర్ల రెండేండ్ల కింద ఏయించుకున్నోళ్లను అడగండ్రి, ఫోన్ చేస్తే వస్తున్నడా అని. ఆఫీస్ వాళ్లు, కంపెనీ వాళ్లు వచ్చి భూమి చూసి బోరు ఎన్ని నీళ్లు పోస్తదో చూసి డిజైన్ గీస్తరు. ఆ డిజైన్ కాపీ ఒకటి అడిగి తీసుకోండ్రి, సిగ్గు పడకుండ్రి. మీ వాటా డబ్బు ఆఫీస్ వాళ్లు కాయితం మీద రాసిచ్చిన పేరుకే డీడీ తీయాలె, చేతికి నగదు, ఎవరిదో ఫోన్ పే నంబర్, ఇవేమీ వద్దు. మంజూరు వచ్చినంకనే పైపులు దిగాలె.

సామాను దిగిన రోజు మీరు అక్కడ ఉండండ్రి. ఇది ఆదివారం పోయి చూసే పని కాదు. డిజైన్ల ఎన్ని మీటర్ల లాటరల్ (మొక్కల వరుస పొంటి పరిచే సన్న పైపు) రాసిందో అన్ని చుట్టలు వచ్చినయా లెక్కపెట్టాలె, పైపు మీద ఐఎస్ఐ మార్క్ చూడాలె, ఫిల్టర్, వెంచురి (నీళ్లల్ల ఎరువు కలిపేది), ప్రెషర్ గేజ్ ఉన్నయా చూడాలె. ట్రయల్ రన్ అప్పుడు బోరు దగ్గర నిలబడకుండ్రి, చేనుల అన్నిటికంటే దూరం, అన్నిటికంటే ఎత్తుల ఉన్న చివరి డ్రిప్పర్ దగ్గర ఒక లోటా పెట్టి కూర్చోండ్రి. బోరు పక్కన డ్రిప్పర్ ఎన్ని నీళ్లు పోస్తున్నదో ఇది కూడా దగ్గర దగ్గర అన్ని పోయాలె. సగమే పోస్తే డిజైన్ల తప్పున్నట్టు, అప్పుడే చెప్పాలె, సంతకం పెట్టినంక ఎవ్వరు రారు. సబ్సిడీ పైసలు కంపెనీకే పోతయి, మీ సంతకం పడితేనే ఫైల్ కదులుతది, అంటే ఆ ఒక్క రోజే మీ మాటకు విలువ. నేను తొందరల బస్సు మిస్సయితదని సంతకం పెట్టి వచ్చిన, ఆ తర్వాత మూడు నెలలు చివరి రెండు లైన్లకు బకెట్లతోటి నీళ్లు పోసినం.

వేసినంక కూడా చూసుకోవాలె. వారానికి ఒకసారి ఫిల్టర్ కడగాలె, లాటరల్ చివర మూతలు విప్పి మురికి పోనియ్యాలె. మన దిక్కు బోరు నీళ్లల్ల ఉప్పు ఎక్కువ, తెల్లగా పొర పడ్తది, దానికి యాసిడ్ ట్రీట్‌మెంట్ ఉంటది, మొదటిసారి మెకానిక్ తోటే చేయించండ్రి. ఉడతలు, ఎలుకలు కొరుకుతయి, దానికి ఏ స్కీమూ లేదు.

పండ్ల తోటకు, మల్చింగ్ షీట్‌కు కూడా ఉద్యాన మిషన్‌ల సాయం ఉంటది. తోటకు ఇచ్చే పైసలు విడతల వారీగ వస్తయి, మొక్కలు బతికి ఉన్నయా చూసినంకనే తర్వాతి విడత. పెట్టేసి సిటీకి వచ్చేస్తే ఎండాకాలం అయిపోయేసరికి పుల్లలు మిగుల్తయి, విడత పోతది. గెట్ల మీద టేకు, వేప, సీతాఫలం పెట్టుకునేటోళ్లకు ఊరి నర్సరీల మొక్కలు దొరుకుతయి. టేకు రేపు కొట్టేటప్పుడు పర్మిషన్ కావాలె కాబట్టి పెట్టినప్పుడే పాస్‌బుక్ సర్వే నంబర్‌తో ఫొటోలు తీసి దాచుకోండ్రి. చేవెళ్ల రోడ్డు మీద ఆ ముసలి మర్రిచెట్ల కింద నుంచి పోయేటప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన, వీటిని పెట్టినోడు ఏ సబ్సిడీ చూసి పెట్టిండో.

పచ్చిరొట్ట గింజలు చిన్న సంగతి లెక్క కనబడ్తది గానీ నన్నడిగితే పెట్టిన పైసకు ఎక్కువ ఫలితం ఇచ్చేది అదే. జీలుగ, జనుము, పిల్లిపెసర, ఎండాకాలం ఆఖర్ల సబ్సిడీ మీద ఇస్తరు, పాస్‌బుక్ చూపించి ఏఈఓ దగ్గర రాయించుకొని సొసైటీల తీసుకోవాలె. వచ్చిన వారంలనే అయిపోతయి, అందుకే ముందే ఫోన్ చేసి పెట్టుకోండ్రి. పూత దశల కలియదున్నాలె, ముదిరితే మట్టిల తొందరగ మురగదు. ఊరి చెరువు పూడిక తీస్తుంటే ఆ మట్టి కూడా వదలకుండ్రి, 2015ల మిషన్ కాకతీయ అప్పుడు మా ఊరోళ్లు ట్రాక్టర్ కిరాయి పెట్టుకొని కొట్టుకున్నరు, మా చెల్క అప్పుడే కొంచెం నల్లబడ్డది.

ప్రకృతి సేద్యం చేస్త అనేటోళ్లకు రెండు దారులున్నయి, రెండిట్లనూ ఒక్కరే పోయి అడిగితే కాదు, గుంపుగ ఉండాలె. పరంపరాగత్ కృషి వికాస్ యోజనల 20 హెక్టార్ల క్లస్టర్, మూడేండ్లకు హెక్టారుకి 31,500 రూపాయలు, అందుల 15 వేలు రైతు ఖాతాల పడ్తయి. 2024 నవంబర్ల కేంద్రం ఒప్పుకున్న జాతీయ ప్రకృతి సేద్యం మిషన్‌ల ఎకరానికి ఏడాదికి 4 వేలు, రెండేండ్లు. మీ ఊరు క్లస్టర్ల ఉందా లేదా ఏఈఓ చెప్తడు. లేకుంటే పక్క చేన్లోళ్లను కూడగట్టి అడగాలె, సిటీ నుంచి వారానికోసారి పోయేటోడు ఊరోళ్లను కూడగట్టుడు అంత ఈజీ కాదు, ముందు నాలుగు పెండ్లిళ్లకు, రెండు దినాలకు పోయి కూర్చోవాలె.

సోలార్ మోటర్లకు 2019ల వచ్చిన పీఎం కుసుమ్ ఉంది, పంపుకు కేంద్రం 30, రాష్ట్రం 30 శాతం అని లెక్క. మన దగ్గర వ్యవసాయ కరెంట్ ఉచితం కాబట్టి కనెక్షన్ ఉన్నోళ్లు దాని ఎంబడి తిరగాల్సిన పని లేదని నా అభిప్రాయం. అటవీ హక్కు పట్టాల గిరిజన రైతులకు మాత్రం 2025 మే నుంచి ఇందిరా సౌర గిరి జల వికాసం కింద సోలార్ పంపులు పూర్తి సబ్సిడీ మీద ఇస్తున్నరు, అట్లాంటోళ్లు తెలిస్తే చెప్పండ్రి.

హైదరాబాద్‌ల ఉన్నం కదా, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌ల ఉద్యాన శాఖ పెద్దాఫీస్ ఉంది, డైరెక్ట్ అక్కడికే పోదాం అనిపిస్తది. పోకుండ్రి, మిమ్మల్ని మళ్లా మీ మండలానికే పంపుతరు. సిటీల ఉన్నందుకు లాభం వేరే ఉంది, రాజేంద్రనగర్‌ల వ్యవసాయ యూనివర్సిటీ, సంతోష్‌నగర్‌ల మెట్ట వ్యవసాయం మీద పనిచేసే క్రిడా (CRIDA) సంస్థ, పటాన్‌చెరుల 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్, ఇవన్నీ మన బస్సు దూరంల ఉన్నయి. కిసాన్ మేళాలు, ఓపెన్ డేలు పెట్టినప్పుడు పోయి కుంట ఎట్ల తవ్విన్రు, కందకం ఏ దూరంల తీసిన్రు కండ్లతోటి చూసి రండ్రి, అక్కడ చూసినంక ఊర్ల ఎస్టిమేట్ వేసేటాయన చెప్పేది మనకు సమజైతది.

ఫైల్ ఆగిపోతే ఏం చేయాలె? మొదలు దరఖాస్తు నంబర్ పట్టుకొని ఆఫీస్‌కి పోయి మర్యాదగ అడగండ్రి, సగం సార్లు ఏదో ఒక జిరాక్స్ తక్కువై ఆగి ఉంటది. కాకుంటే సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణిల కాయితం ఇచ్చి రసీదు తీసుకోండ్రి. ఇంకా కదలకుంటే 10 రూపాయల ఫీజుతోటి ఆర్టీఐ, 30 రోజుల్ల జవాబు రావాలె. మధ్యవర్తులు మస్తు మంది తగులుతరు, ఎకరానికి ఇంత అని అడుగుతరు, వాళ్లు చేసేది మన జిరాక్సులు పట్టుకపోయి అదే కౌంటర్ల ఇచ్చుడే.

టైం కూడా చూసుకోండ్రి. సర్కారు బడ్జెట్ ఏప్రిల్ నుంచి మార్చి దాక. ఫిబ్రవరిల పోయి అడిగితే టార్గెట్ అయిపోయింది, ఫండ్స్ లేవు అంటరు, అది అబద్ధం కూడా కాదు. ఏప్రిల్, మే నెలల్లనే దరఖాస్తు పడాలె.

మా బామ్మర్ది కథకు వస్తే, ఇదంతా చెప్పినంక వాడు ఒక ఐడియా చెప్పిండు, "బావా, పైపులన్నీ చుట్టి షెడ్డుల దాచిపెడ్త, వాళ్లు ఫొటో తీసుకొని పోయినంక మళ్లీ పరుస్త" అని. ఒరేయ్, రెండు నెలల మామిడి మొక్కలు కూడా పీకి దాస్తవా, వచ్చేటాయన రోజుకు పది చేన్లు చూసేటోడు, దొరికితే మిగతా మూడెకరాలకు కూడా పేరు కొట్టేస్తరు అని చెప్పిన. ఆ రెండెకరాలు ఇగ పోయినట్టే అనుకొని మిగిలిన మూడెకరాలకు వాళ్ల నాయిన పాస్‌బుక్ మీద దరఖాస్తు పెట్టినం, నంబర్ వచ్చింది. ఇప్పుడు వాడు ఎంత భయపడ్డడంటే మంజూరు వచ్చేదాక ఆ మూడెకరాల్ల గడ్డి కూడా కోయనిస్తలేడు, మొన్న వాళ్ల నాయిన గొర్రు తోలుదామని ఎడ్లు కడితే కూకట్‌పల్లి నుంచి వీడియో కాల్ చేసి ఆపిచ్చిండంట.